ఊరచెరువులో సాయంత్రం గాలం వేయడం ఎలా

గాలం వేయడం నేర్పమని వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది కర్ర ఎంత పొడవుండాలి, రీలు ఏ కంపెనీది కొనాలి అని. ఆ సంగతి తర్వాత చూద్దాం. ఊరచెరువులో సాయంత్రం పూట చేప పడాలంటే ముందు తెలియాల్సింది ఒకటుంది: ఆ వేళకి చేప ఏ లోతులో తిరుగుతోంది, మన ఎర ఆ లోతులో ఉందా లేదా. వేలు పోసి కొన్న రీలుతో వచ్చిన ఆయన ఉత్త చేతులతో లేచి వెళ్తుంటే, పక్కన వెదురు కర్ర పట్టుకున్న పిల్లాడు బకెట్ నింపుకుంటుంటాడు. మా వైపు ఏ చెరువు గట్టు మీదైనా ఇది మామూలే. నీళ్ళ మీద తేలే బెండు దారానికి ఎక్కడ కట్టాలో వాడికి తెలుసు, అంతే.

నాకు విజయవాడ ఆటోనగర్‌లో వీల్ అలైన్‌మెంట్ షాపు ఉంది. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ దించి బందరు రోడ్డెక్కితే కంకిపాడు దాటాక మా అత్తగారి ఊరు. నేను చెప్పేదంతా ఆ ఊరి చెరువు, ఆ చుట్టుపక్కల పంట కాలువల సంగతే. కృష్ణలో బ్యారేజీ దగ్గర, లాకుల దగ్గర గాలం వేయడం గురించి ఇక్కడ ఏమీ చెప్పను. అక్కడ నీటి వేగం ఎప్పుడు మారుతుందో గట్టు మీదున్నవాడికి తెలియదు, కొత్తవాళ్ళు అటు పోకపోవడమే మంచిది.

మా మేనల్లుడు ఫోన్లో విదేశీ వీడియోలు చూసి, "మామయ్యా, మన చెరువులో ట్రౌట్ పడదా?" అని అడిగాడు. పడదురా అబ్బాయ్. దానికి చల్లటి, పారే నీళ్ళు కావాలి. మన దేశంలో కాశ్మీరు, హిమాచల్ ఏరుల్లోనూ, దక్షిణాన నీలగిరుల్లో, మున్నార్ కొండల మీదా బతుకుతుంది. మన చెరువు నీళ్ళు సంక్రాంతి చలిలో కూడా దానికి వెచ్చనే. అయితే ఆ వీడియోల్లో దొరలు చేసే పని ఒకటి మనకీ పనికొస్తుంది. వాళ్ళు వచ్చీ రాగానే గాలం వేయరు. కాసేపు నిలబడి నీళ్ళు చూస్తారు.

ముందు అనుమతి

మా వైపు ఊరికి రెండు చెరువులుంటాయి. ఒకటి మంచినీళ్ళ చెరువు, దాని జోలికి వెళ్ళకండి. పిండి ముద్దలు, ఎర్రలు (వానపాములు) ఆ నీళ్ళలో వేస్తే ఊరివాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. రెండోది ఊరచెరువు. దాన్ని పంచాయతీ వేలం వేస్తుంది. పాట పాడుకున్నాయన అందులో పిల్ల పోసి, మేత వేసి పెంచుకుంటాడు. కాబట్టి అందులో బొచ్చె, శీలావతి (రోహు), మోసు ఆయన సొత్తు. మన వాటా అంటూ ఏమైనా ఉంటే అది కాలువ నీళ్ళతో పాటు వాటంతటవే వచ్చిన జెల్లలు, పరిగెలు, గొరకలు, జిలేబీలు (తిలాపియా చేపలు).

పాటదారుని కలిసి ఈ మాటే చెప్పండి: "అన్నా, ఒక్క కర్ర, ఒక్క గాలం. బొచ్చె, రోహు పడితే తిరిగి వదిలేస్తాను." దాదాపు ఎవరూ కాదనరు. జిలేబీలు పట్టుకుపోతానంటే ఆయనకే సంతోషం. అవి విపరీతంగా పిల్లలు పెట్టి, పెంచిన చేపల మేత తినేస్తుంటాయి. కొర్రమీను సంగతి మాత్రం విడిగా అడగండి. దానికి మార్కెట్లో ధర ఎక్కువ కాబట్టి కొందరు వద్దంటారు. వద్దంటే వద్దు. కాపలా ఉండే మనిషికి టీ, బన్ను తీసుకెళ్ళడం మర్యాద. ఏ మూల లోతుందో, మొన్న వల ఎక్కడ లాగారో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వేళ

డిసెంబరులో మన దగ్గర అయిదున్నర దాటగానే పొద్దు కుంకుతుంది. జూన్‌లో దాదాపు ఏడింటిదాకా వెలుతురుంటుంది. ఏ కాలమైనా పొద్దు కుంకడానికి రెండు గంటల ముందు గట్టు మీదుండాలి. మొదటి గంట సర్దుకోవడానికి, లోతు కొలవడానికి సరిపోతుంది. చేప గట్టిగా తినేది చివరి ముప్పావు గంట.

సాయంత్రమే ఎందుకంటే, పగలంతా ఎండకి నాచు, నీటి మొక్కలు వదిలిన ప్రాణవాయువు సాయంత్రానికి నీళ్ళలో బాగా ఉంటుంది. తెల్లవారుజాముకి అది బాగా తగ్గుతుంది. ఎండ వాలాక ఒడ్డు దగ్గరి నీళ్ళు కాస్త చల్లబడతాయి, వెలుతురు తగ్గేసరికి చేపకి కొంగల భయం తగ్గుతుంది, నడి చెరువులోంచి ఒడ్డుకు వస్తుంది. మబ్బు పట్టి, గాలి ఆడక, ఉక్కపోసిన రోజు మాత్రం నమ్మకం లేదు. చేపలు నోళ్ళు పైకి పెట్టి తేలుతూ గుటకలు వేస్తుంటే వాటికి ఊపిరే కష్టంగా ఉందన్నమాట. ఆ రోజు ఏ ఎర వేసినా ముట్టవు. కాపలా ఆయనకి విషయం చెప్పి, టీ తాగి ఇంటికెళ్ళండి.

వానాకాలం మొదట్లో, కాలువలకి కొత్త నీళ్ళు వదిలినప్పుడు, చెరువులోకి నీరు వచ్చే తూము దగ్గర జెల్లలు, పరిగెలు ఎదురెక్కుతాయి. ఆ రోజుల్లో ఇంకెక్కడా కూర్చోనక్కర్లేదు.

సామాను

వెదురు కర్ర పది పన్నెండు అడుగులది చాలు. మొదలు బొటనవేలంత, కొస అగ్గిపుల్లకంటే కాస్త లావు ఉండాలి, కొస వంగాలి. ఊరచెరువులో చేప ఒడ్డు నుంచి పదిహేను అడుగుల లోపే వస్తుంది కాబట్టి రీలు అవసరం పడదు. దారం కర్ర పొడవు ఎంతో అంతే. చిన్న చేపలకి పావు మిల్లీమీటరు మందం నైలాన్ దారం, కొర్రమీనుకైతే అంతకంటే లావుది. గాలాల నంబర్లలో కొత్తవాళ్ళు తికమకపడతారు: నంబరు పెరిగే కొద్దీ గాలం చిన్నదవుతుంది. పరిగెకి, చిన్న జెల్లకి 12, కాస్త పెద్ద జెల్లకి, జిలేబికి 8 లేదా 10 అడగండి. గాలం కొనేటప్పుడు మొన గోటి మీద పెట్టి మెల్లగా లాగి చూడండి. జారితే మొద్దుబారినట్టు, గోరులో ఆగితే పదును.

ముడి ఇలా వేయాలి: దారం గాలం కంటిలోంచి పోనిచ్చి, అసలు దారం చుట్టూ అయిదారు మెలికలు తిప్పి, కొసను కంటి పక్కనే ఏర్పడ్డ చిన్న రింగులోంచి దూర్చాలి. ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించాలి. పొడిగా లాగితే రాపిడికి దారం వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది, పెద్ద చేప పడిన రోజే తెగుతుంది.

బెండుకి అరిగిపోయిన హవాయి చెప్పును మించింది లేదు. చిటికెన వేలు మందాన, రెండంగుళాల ముక్క కోసి, కాల్చిన సన్న మేకుతో నిలువునా బెజ్జం చేయండి. దారం పోనిచ్చి, పక్కన కొబ్బరి ఈనె ముక్క గుచ్చితే బిగుసుకుంటుంది. ఈనె లాగితే బెండు పైకీ కిందికీ జరుగుతుంది. ఈ జరగడం ముఖ్యం. దుకాణంలో దొరికే ఎర్ర ప్లాస్టిక్ బెండ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ చాలావాటికి తేలే గుణం మరీ ఎక్కువ, చిన్న చేప ముట్టిన సంగతే తెలియనివ్వవు.

సీసం నాకు షాపులోనే దొరుకుతుంది. పాత చక్రాలకు బ్యాలెన్సింగ్ కోసం కొట్టిన బరువులు ఊడదీసి పడేస్తుంటాం, ఒక్కటి కత్తిరిస్తే నెల్లాళ్ళు వస్తుంది. గాలానికి జానెడు పైన సీసం ముక్క చుట్టి కటింగ్ ప్లేయరుతో నొక్కండి. చాలామంది పళ్ళతో నొక్కుతారు. అది విషం, పిల్లల్ని అసలు అలా చేయనివ్వకండి. సీసం ఎంత పెట్టాలంటే, బెండు నిలువుగా నిలబడి, దాని తల పావంగుళం మాత్రమే నీళ్ళ పైన కనబడాలి. సగం బెండు పైకి తేలుతుంటే ఇంకాస్త సీసం కావాలి. దీనికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వండి.

ఎక్కడ కూర్చోవాలి, ఎంత లోతు

వేసవి సాయంత్రాల్లో బందరు వైపు నుంచి, అంటే ఆగ్నేయం నుంచి, సముద్రపు గాలి తిరుగుతుంది. నీళ్ళ మీద తేలే పురుగు, తుక్కు ఆ గాలికి ఎదుటి గట్టుకు, అంటే పడమర, వాయవ్య మూలకు చేరుతుంది. చేప దాని వెంటే వస్తుంది. అక్కడే కూర్చోవాలి. చిక్కు ఒకటుంది: పడమటి గట్టు మీద కూర్చుంటే సూర్యుడు మన వీపు వెనక ఉంటాడు, మన నీడ నీళ్ళ మీద సాగుతుంది. నీడ కదిలితే చేప చెదిరిపోతుంది. అందుకే తుమ్మ చెట్టో, తాటి చెట్టో నీడ చూసుకుని అందులో కలిసిపోయి కూర్చోండి. ఎత్తు స్టూలు వద్దు, నేల మీద గోనె పట్టా చాలు.

గుర్రపుడెక్క, తూటికాడ, జమ్ము ఉన్న చోట దాని అంచుకు, రెండడుగుల ఖాళీలో వేయండి. మధ్యలో వేస్తే గాలం చిక్కుకుపోతుంది. చెరువులో కర్రలు పాతి వాటికి తవుడు బస్తాలు వేలాడగట్టి ఉంటాయి. అది పాటదారు చేపలకు మేత పెట్టే చోటు, వాటి చుట్టుపక్కల గాలం వేయకండి.

ఇక లోతు. గాలానికి ఒక బరువైన నట్టు కట్టి, వేయదలచిన చోట నీళ్ళలోకి దించండి. బెండు మునిగిపోయిందంటే అక్కడ లోతు ఎక్కువ, బెండును పైకి, కర్ర వైపు జరపండి. బెండు పడుకుందంటే దారం ఎక్కువైంది, కిందికి జరపండి. బెండు సరిగ్గా నీటి మట్టానికి వచ్చినప్పుడు గాలం నేలను తాకినట్టు. ఆ చోట దారం మీద నల్ల మార్కరుతో గీత పెట్టుకోండి. ఇక మిగతాదంతా ఆ గీత నుంచి లెక్క.

జెల్ల నేలబారు చేప. ఎర నేలకు తగలాలి, లేదా బెత్తెడు పైన ఉండాలి. మోసు, బంగారుతీగ కూడా అంతే, అందుకే పాటదారు మోసు తరచుగా జెల్ల గాలానికే పడుతుంది. రోహు నడిమి నీళ్ళలో, బొచ్చె పై నీళ్ళలో మేస్తాయి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, మోసు నోరు కిందికి ఉంటుంది. చేపల మార్కెట్లో ఆ నోళ్ళు చూస్తే ఏది ఎక్కడ మేస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. వాటిని తప్పించాలంటే వాటి లోతు తప్పించడమే మార్గం. జిలేబి ఒడ్డు దగ్గర రెండు మూడడుగుల నీళ్ళలో తిరుగుతుంది, పొద్దు కుంకేముందు ఇంకా పైకి వస్తుంది. పరిగె ఎక్కడైనా ఉంటుంది, దానికోసం వెతకక్కర్లేదు.

పదిహేను నిమిషాలు బెండు కదలకపోతే ఎర మార్చకండి, చోటు మార్చకండి. ముందు బెండును జానెడు జరపండి. అప్పటికీ లేకపోతే మరో జానెడు. చీకటి పడుతున్న కొద్దీ చేప ఒడ్డుకు, పై నీళ్ళకు వస్తుంది కాబట్టి సాయంత్రమంతా ఒకే లోతులో కూర్చున్నవాడికి చివరి ముప్పావు గంట వృథా.

ఎర

జెల్లకి, గొరకకి ఎర్రలే. అరటి చెట్ల మొదట్లో, పశువుల పాక వెనక తడి నేలలో గునపం వేస్తే బోలెడు. ఒక ఎర్రను మూడు ముక్కలు చేసి, గాలం మొన కనబడకుండా ఎక్కించి, కొస కొంచెం వేలాడనివ్వండి. ఆ కదలికే చేపను పిలుస్తుంది.

జిలేబికి, పరిగెకి పిండి. గోధుమ పిండి రెండు పాళ్ళు, వేరుశనగ చెక్క (నూనె తీయగా మిగిలే పిప్పి) పొడి ఒక పాలు, కొంచెం తవుడు. కొద్దికొద్దిగా నీళ్ళు చల్లుతూ చెవి తమ్మె అంత మెత్తగా పిసకండి. మెత్తబడితే నీళ్ళలో కరిగిపోతుంది, గట్టిపడితే గాలం గుచ్చుకోదు. నాలుగు పోగుల దూది కలిపి పిసికితే ఎక్కువసేపు నిలుస్తుంది. కొందరు వేయించిన మెంతుల పొడి, సోంపు, ఏలకులు కలుపుతారు. కలపండి, తప్పులేదు. నా మట్టుకు నాకు చెక్క వాసన చాలు. పాత నూనె కంపు కొట్టే చెక్క వాడకండి.

కూర్చోగానే తవుడు, చెక్క, చెరువు మట్టి కలిపి నిమ్మకాయంత ఉండలు మూడు నాలుగు గాలం వేసే చోట వేయండి. అంతకు మించొద్దు. కడుపు నిండిన చేపకి మన గాలంతో పని లేదు.

బెండు భాష

బెండు సన్నగా వణుకుతూ ఉండి మునగకపోతే పరిగెలు కొరుకుతున్నాయి, గాలం వాటి నోటికి పెద్దదైంది. బెండు పక్కకు జారుతూ పోతే జిలేబి. ఒక్కసారిగా టక్కున మునిగి మళ్ళీ పైకొస్తే జెల్ల, రెండోసారి మునిగినప్పుడు లాగండి. మునగాల్సిన బెండు పైకి లేచి పడుకుంటే నేల మీద మేసే చేప ఎరతో పాటు సీసాన్ని పైకెత్తిందని అర్థం. మోసో, బంగారుతీగో అయ్యుంటుంది. దానికి ముందు బెండు చుట్టూ సన్న బుడగలు వరసగా కదులుతూ వస్తాయి. ఒకే చోట పెద్ద బుడగలు ఆగి ఆగి వస్తుంటే మాత్రం అది అడుగు బురదలోంచి వచ్చే గ్యాసు, చేప కాదు.

లాగడం అంటే కర్రను ఆకాశంలోకి విసరడం కాదు. మణికట్టు ఒక్క విసురు, జానెడు, అంతే. జిలేబి పెదవి పల్చన, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. పెద్దది పడితే కర్ర నిలువుగా పట్టి, కొస వంగనిచ్చి, అది అలిసేదాకా ఆగండి. వెనక్కి నడుస్తూ ఒడ్డు మీదికి జార్చండి. తడి గట్టు మీద వెనక్కి నడిచేటప్పుడు చూసుకోండి.

కొర్రమీను పడితే

దీనికి పద్ధతి వేరు. లావు దారం, పెద్ద గాలం, బెండు అక్కర్లేదు. చిన్న పరిగెను గాలానికి ఎక్కించి గుర్రపుడెక్క అంచున, నీటి పై మట్టంలో ఆడించాలి. కొర్రమీను గాలి పీల్చే చేప, మధ్య మధ్యలో పైకి వచ్చి గుటక వేస్తుంది. ఆ చప్పుడు విని, వలయాలు ఎక్కడ లేచాయో చూసుకుని అక్కడికి ఆడించండి. పట్టగానే లాగకండి. నోట కరుచుకుని కొంచెం దూరం పోతుంది, దారం బిగిసినప్పుడు గట్టిగా లాగాలి. దాని దవడ గట్టిది, మెల్లగా లాగితే గాలం దిగదు.

వానాకాలంలో నీళ్ళ మీద ఎర్రటి పిల్లల గుంపు ఉడికినట్టు కదులుతూ కనబడితే, కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నాయన్నమాట. అప్పుడు గాలం ఆడిస్తే కోపంతోనే వచ్చి కరుస్తాయి, పట్టడం చాలా తేలిక. పట్టొద్దు. అవి పోతే ఆ పిల్లల్ని గంటలో మిగతా చేపలు తినేస్తాయి.

ముళ్ళు, పాములు, చీకటి

జెల్లకి వీపు మీద ఒక ముల్లు, రెక్కలకు చెరొకటి. తల వెనక నుంచి, రెక్క ముళ్ళు వేళ్ళ సందుల్లోంచి బయటికి వచ్చేలా పట్టుకోవాలి. కొత్తవాళ్ళు తడి గుడ్డతో పట్టుకోండి. ఇంగిలాయి అనే నల్లటి, మీసాల చేప పడితే దారం కోసేసి వదిలేయండి. దాని ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే చెయ్యి పొంగుతుంది, విపరీతంగా సలుపుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెడితే ఆ నొప్పి తగ్గుతుంది, ఆ తర్వాత డాక్టర్ని కలవాలి. తిరిగి వదిలే చేపను పొడి చేతులతో పట్టుకోకండి, ఒంటి మీది జిగురు పోతే దానికి పుండ్లు పడతాయి. చేయి తడుపుకుని, గాలం తీసి, నీళ్ళలో పట్టుకుని అది తనంతట తాను కదిలాక వదలండి.

పట్టిన చేపల కోసం నీటి అంచున కనబడే పాము ఎక్కువగా నీరుకట్టె, విషం లేనిది. దాని దారిన దాన్ని పోనివ్వండి. అసలు భయం తిరిగి వెళ్ళేటప్పుడు గట్టు మీద, గడ్డిలో ఉండే రక్తపింజరది. తల టార్చి ఒకటి కొనుక్కోండి, కాళ్ళకు బూట్లు ఉండాలి. దోమలకు ఒంటికి ఏం రాసుకున్నా అరచేతులు మాత్రం కడుక్కుని ఎర ముట్టండి. ఈత వచ్చినా సరే గాలం చిక్కుకుందని నీళ్ళలోకి దిగొద్దు. ఊరచెరువులో మట్టి తవ్విన గోతులు ఎక్కడున్నాయో పైకి కనబడవు. పదిరూపాయల గాలం, తెంపేసుకోండి. తెగిన దారం గట్టు మీద పారేయకుండా జేబులో వేసుకోండి, కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది.

ఇంటికొచ్చాక

బకెట్‌కి మూత తప్పనిసరి. కొర్రమీను, గొరక మూతలేని బకెట్‌లోంచి ఎగిరి స్కూటర్ మీద నుంచి కిందపడతాయి. జెల్లలకు పొలుసు ఉండదు గానీ జిగురు ఉంటుంది. రాళ్ళ ఉప్పు, పసుపు వేసి గరుకు రాయి మీద రుద్ది నాలుగు నీళ్ళు కడిగితే నీచు పోతుంది. చెరువు చేపకి ఒక్కోసారి మట్టి వాసన ఉంటుంది, మజ్జిగలో అరగంట నానబెడితే చాలావరకు తగ్గుతుంది. చింతపండు పులుసులో పడితే మిగిలిందీ తెలియదు. పరిగెలు పులుసుకు పనికిరావు, పొట్ట తీసి, కారం ఉప్పు పట్టించి కరకరలాడేలా వేయించుకోవడమే.

గాలాలు తుడిచి కొంచెం నూనె రాసి పెట్టండి. మిగిలిన ఎర్రలను పాత కుండలో తడి మట్టి వేసి, వాడేసిన టీ పొడి చల్లి నీడన ఉంచితే వచ్చే వారానికి బతికే ఉంటాయి. మిగిలిన పిండి మాత్రం కోళ్ళకు వేసేయండి. ఫ్రిజ్‌లో దాచారో, పొద్దున ఎవరో ఒకరు దాంతో చపాతీలు ఒత్తేస్తారు.